మూడు హాజర్లు

మా కనక బతికింది. ఆ సంగతి ముందే రాసేస్తున్నాను. ఇంట్లో పిల్లకి జ్వరం, గొంతు నొప్పి ఉండి ఇది చదువుతున్నవాళ్ళెవరైనా ఉంటే చివరిదాకా చదవనక్కర్లేదు. కాగితం పక్కన పెట్టి పిల్లని డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళండి. ఎప్పటినుంచి అని ఆయన అడుగుతాడు. ఉన్న రోజు ఉన్నట్టు చెప్పండి. మిగతాది తిరిగొచ్చాక చదువుకోవచ్చు.

నేను బిలాస్‌పూర్ యార్డులో నంబర్ టేకర్ని. వచ్చిన ప్రతి గూడ్సు బండి పక్కన నడుస్తూ వ్యాగన్ల నంబర్లు వరసగా పుస్తకంలో ఎక్కించడం నా పని. మా నాన్న బొబ్బిలి పక్క పల్లె నుంచి గ్యాంగులో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను బడికి వెళ్ళలేదు. అంకెలు వ్యాగన్ల మీద చూసి నేర్చుకున్నాను. కూడికలు, తీసివేతలు గూడ్సు షెడ్డులో బస్తాలు లెక్కపెడుతూ వచ్చాయి. అక్షరాలు పెళ్ళయ్యాక నేర్చుకున్నాను. ఇప్పుడు నాకు నలభై ఆరేళ్ళు. చదువు లేని ఇంట్లోంచి ఒక పిల్ల పరీక్షకి కూర్చోవడం నాకెంత పెద్ద విషయమో దీన్నిబట్టి తెలుస్తుంది. అదేమీ నన్ను కాపాడే సాక్ష్యం కాదు.

ఇది పంతొమ్మిది వందల ముప్ఫై ఎనిమిదో సంవత్సరం, ఫిబ్రవరి సంగతి. కనకకి పదకొండేళ్ళు. రైల్వే కాలనీలోని తెలుగు బడిలో నాలుగో తరగతి. ఆ పరీక్ష గట్టెక్కితే మిడిల్ స్కూలులో చోటు దొరుకుతుంది. మా క్వార్టర్ల వరసలో అంతవరకు ఏ ఆడపిల్లా అక్కడికి వెళ్ళలేదు.

బడి గుమ్మం పక్కన గోడకి ఒక నల్ల చెక్క ఉండేది. దాని మీద తెల్ల రంగుతో రూళ్ళు రాశారు. నేను కనకని దింపడానికి వెళ్ళిన ప్రతిసారీ అది చదివేవాణ్ణి. ఏడాదికి నూట అరవై రోజుల హాజరు లేనివాళ్ళు పరీక్షకి కూర్చోకూడదు. జ్వరం, దద్దు, గొంతు వాపు ఉన్న పిల్లని టీచరు వెంటనే ఇంటికి పంపి పెద్ద టీచరుకి తెలపాలి, తెలపని టీచరు మీద చర్య ఉంటుంది. అంటు జబ్బుకి ఇంట్లో ఉంచిన రోజులు కూడా గైర్హాజరే. తిరిగి రావాలంటే రైల్వే డాక్టరు చీటీ కావాలి. కింద జబ్బుల పేర్లు, ఎదురుగా రోజులు. ఆటలమ్మకి ఇన్ని, తట్టుకి ఇన్ని, గవదలకి మూడు వారాలు.

వానాకాలంలో కనకకి మలేరియా వచ్చి చాలా రోజులు పోయాయి. మా అమ్మ కర్మలకి ఊరు వెళ్ళినప్పుడు ఇంకొన్ని పోయాయి. ఫిబ్రవరిలో కూర్చుని లెక్క వేశాను. మిగిలిన రోజులన్నీ తప్పకుండా వెళ్తే నూట అరవై ఒకటి. అంటే చేతిలో ఉన్నది ఒక్క రోజు.

బుధవారం సాయంత్రం డ్యూటీ దిగి ఇంటికి వచ్చేసరికి కనక గోడవారగా పడుకుని ఉంది. మా ఆవిడ నర్సమ్మ దాని దవడ కింద తడిమి చూస్తోంది.

"గవదలు దిగినాయి. ఒళ్ళు పెనంలాగుంది," అంది. సున్నం, పసుపు రంగరించి గొంతు చుట్టూ పట్టు వేసింది. "రేపు బడి గిడి లేదు."

"ఒక్క దినమే ఉంది సేతిలో," అన్నాను.

"ఏటి ఒక్క దినం?"

నేను చెప్పాను. నూట అరవై, నూట అరవై ఒకటి, గవదలైతే మూడు వారాలు.

"నీ లెక్కలు వ్యాగన్లకి సెప్పుకో. ఇది ఆడగుంట. సక్రాల మీద లేదు."

గోడ వైపు తిరిగి ఉన్న కనక, గొంతు బొంగురుగా, "నానెల్తానమ్మా. పరీచ్చకి కూకోనీరు లేకపోతే," అంది. ఆ మాట నాకు బలమైపోయింది. పిల్లే వెళ్తానంటోంది కదా అనుకున్నాను. పదకొండేళ్ళ పిల్ల ఆ మాట ఎవరి నోట్లోంచి నేర్చుకుందో ఆలోచించలేదు.

ఆ తరవాత నాకు తోచిన ఉపాయం రైల్వేలో పనిచేసేవాడికి తప్ప ఇంకొకరికి తోచదు. మాకు మస్టర్ ఉంటుంది. డ్యూటీ మొదట్లో పేరు పిలిచినప్పుడు మనిషి ఎదురుగా ఉంటే ఆ రోజు పని చేసినట్టే. తరవాత కడుపు నొప్పి వచ్చి ఇంటికి పోయినా ఆ గుర్తు చెరిగిపోదు. బడిలోనూ పాఠానికి ముందు ఒక్కసారే పేర్లు పిలుస్తారు. పేరు పిలిచేదాకా కూర్చోబెట్టి, హాజరు పడగానే ఇంటికి తెచ్చేస్తే పిల్లకి విశ్రాంతి దొరుకుతుంది, హాజరు దొరుకుతుంది. గవదలు నాలుగు రోజుల్లో అవే తగ్గుతాయి. ఈ లెక్కలో నాకు ఎక్కడా తప్పు కనిపించలేదు.

ఆ వారం నాకు మధ్యాహ్నం డ్యూటీ. గురువారం పొద్దున్న పసుపు పట్టు కడిగేసి, మెడ చుట్టూ తుండు చుట్టి, కనకని భుజాన వేసుకుని వెళ్ళాను. నాలుగో తరగతి టీచరు సుందరమ్మ. విశాఖపట్నంలో ట్రైనింగ్ అయి ఆ ఏడే చేరింది. ఇరవై, ఇరవై రెండేళ్ళుంటాయి.

"మొహం అలా ఉందేమిటండీ?" అంది.

"కడుపు నొప్పమ్మా. రాతిరి నిద్ర లేదు. పేరు పిలిసేక తీసుకెల్లిపోతాను."

ఆమె ఒక్క క్షణం పిల్ల వైపు, ఇంకో క్షణం నా వైపు చూసింది. హాజరు సంగతి ఆమెకీ తెలుసు. "సరే, కూచోబెట్టండి," అంది. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను.

కనక ఎప్పుడూ కూర్చునే బల్ల మీదే కూర్చుంది. పక్కన బంగారి. మా ఎదురు క్వార్టరు ఫిట్టరు కూతురు. ఇద్దరూ చింతగింజలాడిన నాటి నుంచి జతే. బంగారి తన గ్లాసుతో కనక చేత నీళ్ళు తాగించింది. మిగిలినవి తను తాగింది. నేను చూశాను. చూసి, మంచి పిల్ల అనుకున్నాను.

శుక్రవారం కూడా అంతే. కనక తల బంగారి ఒళ్ళో పెట్టుకుని పేరు వచ్చేదాకా పడుకుంది. శనివారం పేరు పిలిస్తే గొంతు రాలేదు. చెయ్యి ఎత్తింది. బంగారి పక్కనుంచి, "ఉందండీ టీచర్, ఇక్కడే ఉంది," అని అరిచింది. సుందరమ్మ టీచరు కలంతో గుర్తు పెట్టడం గుమ్మంలోంచి చూసి, మూడు అనుకున్నాను.

ఆదివారం కనక గుటక వేయలేకపోయింది. నీళ్ళు పోస్తే బయటికే వచ్చేవి. మెడ దవడతో సమానంగా ఉబ్బింది. ఊపిరి తీస్తుంటే ఈల చప్పుడు. నోట్లోంచి నేను ఎప్పుడూ ఎరగని వాసన. సోమవారం పొద్దున్న బడికి తుండు వెతుకుతున్నాను. నర్సమ్మ నన్ను ఒక్క మాట అడగకుండా పిల్లని ఎత్తుకుని వీధిలోకి వెళ్ళిపోయింది. నేను చెప్పులు లేకుండా పరుగెత్తి ఆసుపత్రి గేటు దగ్గర అందుకున్నాను.

రైల్వే ఆసుపత్రి వరండాలో రెండు బల్లలు నిండా జనం. మా ముందు పదకొండు మంది. నర్సమ్మ నిలబడే ఉంది. ఈల చప్పుడు విని ఒక ముసలి పాయింట్స్‌మన్ తన వంతు మాకిచ్చాడు. ఆయన్ని చూసి మిగతావాళ్ళూ జరిగారు. పదకొండు మందిలో ఒక్కరు కూడా ఇదేం న్యాయం అనలేదు.

డాక్టరు బాబు బెంగాలీ ఆయన. చెంచా కాడతో కనక నాలుక నొక్కి, కిటికీ వెలుగులో గొంతు చూశాడు. చూసి, చెంచా పక్కన పెట్టి, వరండాలో ఉన్న పిల్లలందరినీ బయటికి పంపమని కేకేశాడు. మాకు అర్థమయ్యేలా గవదలు కాదన్నాడు. కంఠసర్పి, ఇంగ్లీషులో డిఫ్తీరియా. అంటు జబ్బు.

అట్ట మీద రాసుకుంటూ, "కబ్ సే?" అన్నాడు. ఎప్పటినుంచి.

ఈ చోటే నేను ఇదంతా రాయడానికి కారణం. ఆ ప్రశ్నకీ నా జవాబుకీ మధ్య ఎక్కువ సేపు పట్టలేదు. అయినా నా బుర్ర ఆ కాస్తలోనే మొత్తం కూడి తీసేసింది. బుధవారం అంటే, బడికి వెళ్ళిందా అని తరవాతి ప్రశ్న. వెళ్ళిందంటే మూడు హాజర్లు కొట్టేస్తారు, పరీక్ష పోతుంది. ఆ టీచరు ఉద్యోగం పోతుంది. నిన్నంటే ఆదివారం, బడి లేదు. ఎవరికీ నష్టం లేదు. పిల్ల ఎలాగూ డాక్టరు చేతిలోనే ఉంది కదా. ఆసుపత్రిలో చేరితే మిగతా హాజరు ఎలాగూ పోతుందన్నది ఆ లెక్కలోకి రానే లేదు.

"కల్ సే, బాబూ," అన్నాను.

ఆయన కనక వైపు వంగాడు. మా వాళ్ళకి మందిచ్చి మందిచ్చి కాస్త తెలుగు పట్టుబడింది ఆయనకి. "నిన్నటి నుంచా, అమ్మా?"

కనక నా మొహంలోకి చూసింది. తరవాత తల ఊపింది.

నర్సమ్మ నోరు తెరిచి మళ్ళీ మూసుకుంది. ఆ మూసుకోవడం గురించి తరవాత ఆమే చెప్పింది. "నీకేదో లెక్క ఉందనుకున్నాను," అని.

అంటురోగాల వార్డు ఆసుపత్రి వెనక రేకుల షెడ్డు. నాలుగు మంచాలు. పిల్ల దగ్గర ఒక్క ఆడమనిషి ఉండొచ్చు. మగవాళ్ళు బయటే. సన్నజాలీ కొట్టిన కిటికీ ఒకటి ఉంది. నేను దాని దగ్గర నిలబడ్డాను. డాక్టరు బాబు ఆ పూటే ఈ జబ్బుకి విరుగుడు మందు, సీరం సూది వేశాడు. రేపటికి తేలికపడుతుంది అన్నాడు. తొందరగా తెచ్చావు, మంచి పని చేశావు అని నా భుజం తట్టాడు.

ఆ చెయ్యి పడిన చోటు ఆ రోజంతా నాకు తెలుస్తూనే ఉంది.

మంగళవారం పొద్దున్నకి ఏమీ తేలికపడలేదు. మెడ ఇంకా ఉబ్బింది. పెదవులు నీలంగా ఉన్నాయి. డాక్టరు బాబు రెండుసార్లు వచ్చి చూశాడు. రెండోసారి వరండాలో నిలబడి అట్ట తిప్పి తిప్పి చూస్తూ తనలో తనే మాట్లాడుకున్నాడు. వార్డు ఆయా ఈ ప్రాంతపు మనిషే, మస్తూరీ వైపు పల్లె. నర్సమ్మ పక్కన నేల మీద కూర్చుని, "ఝన్ రో బహినీ, నోనీ బాంచ్ జాహీ," అంటోంది. ఏడవకు చెల్లీ, పిల్ల బతుకుతుంది అని. డాక్టరు అలా అనడం లేదు.

నేను వెళ్ళి, "బాబూ, ఏటైంది?" అని అడిగాను.

నాకు అంకెలు తెలుసని ఆయనకి తెలుసు. అందుకే అంకెల్లో చెప్పాడు. ఈ మందు జబ్బు వయసుని బట్టి ఇస్తారు. మొదటి రెండు రోజులకి ఒక కొలత. నాలుగో రోజుకి దానికి రెండు, మూడింతలు. ఆ పైన ఇంకా ఎక్కువ. ఆలస్యమైతే తక్కువ మందు వేసినా వెయ్యనట్టే. "నేను రెండో రోజు కొలత వేశాను. రెండో రోజు జబ్బు ఇలా ఉండకూడదు. నాకు అర్థం కావడం లేదు," అన్నాడు.

అర్థమైన మనిషిని ఎదురుగా నేనున్నాను. ఈ లోకంలో ఆ అంకె తెలిసినవాళ్ళం ముగ్గురం. ఒకరికి గొంతు లేదు. ఒకరు నన్ను నమ్మి ఊరుకున్నారు.

వెంటనే చెప్పలేకపోయాను. చెప్తే ఏమవుతుందో అని కాదు. అప్పటికి పరీక్ష, హాజరు, టీచరు ఏవీ నాకు గుర్తు లేవు. ఒక పూట, ఒక రాత్రి, మళ్ళీ ఒక పూట నా పిల్ల గొంతు మీద నేనే కూర్చున్నానని తెలిసి నోరు రాలేదు.

"బుధవారం నుంచి, బాబూ," అన్నాను. "నాను అబద్ధం సెప్పినాను."

ఆయన తిట్టలేదు. అట్ట మీద ఆదివారం కొట్టేసి బుధవారం అని రాశాడు. అది ఏడో రోజు. తరవాత తల ఎత్తకుండానే, "స్కూల్ గయీ థీ?" అన్నాడు. బడికి వెళ్ళిందా అని.

"మూడు పూటలు."

కలం ఆగింది. "ఈ జబ్బు పక్క పిల్లకి అంటితే రెండు నుంచి అయిదు రోజుల్లో బయటపడుతుంది. ఎవరి పక్కన కూర్చుంది?"

బంగారి పేరు చెప్పాను. గ్లాసు సంగతి కూడా చెప్పాను.

ఆ మధ్యాహ్నం నాగపూర్‌కి తంతి వెళ్ళింది. సీరం మర్నాడు మెయిల్లో రావాలి. డాక్టరు బాబు కంపౌండర్ని తీసుకుని బడికి వెళ్ళి పిల్లలందరి గొంతులూ చూశాడు. బడి ఆ పూటే మూసేశారు. సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే సత్తెమ్మ తన కూతురు బంగారిని నడిపించుకుంటూ షెడ్డుకి వచ్చింది. బంగారి గొంతులో ఒక పక్క తెల్లటి మచ్చ. పొద్దున్నే మొదలైంది. నాకు చెయ్యి ఊపి నవ్వింది.

ఆసుపత్రిలో సీరం ఒక్క సీసానే మిగిలి ఉంది. డాక్టరు బాబు దాన్ని చేత్తో పట్టుకుని రెండు మంచాల మధ్య నిలబడ్డాడు. నేను జాలీకి మొహం ఆనించి చూస్తున్నాను. ఆయన నాతోనే మాట్లాడాడు, ఆడవాళ్ళకి నేను తెలుగులో చెప్పాలని.

"ఈ పిల్లకి ఇవాళే మొదలు. ఈ సీసా ఈ పిల్లకి సరిపోతుంది. మీ అమ్మాయికి ఇలాంటివి నాలుగు కావాలి. ఒక్కటి వేసి లాభం లేదు. రేపు మెయిల్ దాకా చూడాలి."

నేను చెప్పాను. నర్సమ్మ లేచి ఆయన చెయ్యి పట్టుకుంది. "నా పిల్ల ముందొచ్చింది బాబూ! నా పిల్ల నిన్నే వచ్చింది!" ఆయనకి అర్థం కాకపోవడం కాదు. అర్థమైంది కాబట్టే కళ్ళు దించుకున్నాడు.

సత్తెమ్మ కిటికీ దగ్గరికి వచ్చింది. "అన్నయ్యా, నీకు ఇందీ వచ్చుగదా. సగం నా పిల్లకి, సగం నీ పిల్లకి ఏయమను."

సగం వేస్తే ఇద్దరికీ చాలదు. నాకు తెలుసు. అయినా ఆమె మాట ఉన్నదున్నట్టు చెప్పాను. డాక్టరు బాబు తల అడ్డంగా ఊపి, సీసా మూత తీసి, బంగారి మంచం వైపు తిరిగాడు. ఆ స్థానంలో నేనున్నా అలాగే చేసేవాణ్ణి. సరిగ్గా వేసిన లెక్క అంత భయంకరంగా ఉంటుందని నాకు అంతవరకు తెలియదు.

సూది అయ్యాక సత్తెమ్మ బయటికి వచ్చి మెట్టు మీద కూర్చుంది. నేను ఆమెకి దూరంగా నిలబడి చెప్పాను. "సత్తెమ్మా, మా పిల్లకి బుధవారం నుంచి జొరం. తెలిసే బడికి తెచ్చినాను. మీ పిల్ల పక్కన కూకోబెట్టినాను."

"తెలుసు. బంగారి సెప్పింది. నీల్లు నానే తాగించేనమ్మా అని గొప్ప సెప్పుకుంది."

సత్తెమ్మ మెట్టు మీది దుమ్ము అరచేత్తో తుడిచింది.

"నాకు మాత్రం ఒక్క దినమే ఉండుంటే నానూ తెచ్చేద్దునేమో," అంది చివరికి. "అందుకే నిన్ను తిట్టడానికి నోరు రాటం లేదు. అదే నా ఏడుపు. కడుపుతీరా తిట్టీడానికి కూడా లేకుండా సేసినావు."

నర్సమ్మకి ఆ ఇబ్బంది లేదు. జాలీ అవతల నిలబడి, అరవకుండా, తాపీగా అంది. "అందరి వ్యాగన్లూ రాస్తావు. ఏది ఎక్కడుందో నీకు తెల్సు. మరి నా పిల్లని ఏటి కింద రాసీసినావు? సెప్పు."

ఆ రాత్రి గురించి రాయను.

బుధవారం మెయిల్ గంటా పది నిమిషాలు లేటు. యార్డులో ఎన్ని వేల బండ్లకి ఎదురుచూశానో గాని, ప్లాట్‌ఫారం అంచున కిందికి దిగి పట్టాల మీద చెయ్యి పెట్టి అదురు చూసింది ఆ ఒక్కసారే. నా కింద పనిచేసిన వాళ్ళూ, నా పైవాళ్ళూ చూస్తున్నారని తెలుసు. గార్డు బ్రేకు వ్యానులోంచి ఊకలో పెట్టిన ఐసు పెట్టె దింపి నా చేతికిచ్చాడు. సంతకం పెట్టమంటే నా పేరు నాకు రాయడం రాలేదు. గార్డు అట్ట వెనక్కి తీసుకుని, "జాఓ, జాఓ," అన్నాడు.

ఆసుపత్రికి పరుగెత్తుతున్నప్పుడు ఐసు నీళ్ళు కారి చొక్కా తడిసింది. ఊపిరి ఈల వినిపిస్తే బతికున్నట్టు. షెడ్డు మలుపు తిరిగేదాకా వినిపించలేదు. మలుపు తిరిగాక వినిపించింది. పిల్ల బాధ పడుతున్న చప్పుడు విని దేవుడికి దండం పెట్టిన తండ్రిని నేనే అయ్యుంటాను.

డాక్టరు బాబు నాలుగు సీసాలు వేశాడు. గురువారం ఏమీ తెలియలేదు. శుక్రవారం మధ్యాహ్నం ఆయా బయటికి వచ్చి నా చెయ్యి లాగి కిటికీ దగ్గరికి తీసుకువెళ్ళింది. నర్సమ్మ చెంచాతో గంజి పోస్తోంది. మొదటిది ముక్కులోంచి వచ్చేసింది. రెండోది కూడా. మూడోది కనక మింగింది.

బంగారి పది రోజుల్లో లేచి షెడ్డు బయట తొక్కుడుబిళ్ళ ఆడింది.

కనకని మాత్రం జబ్బు అంత సులువుగా వదల్లేదు. గొంతు తెరుచుకున్నాక గుండె మీద పడుతుంది ఈ జబ్బు. ఆరు వారాలు వెల్లకిలా పడుకోవాలి, తలగడ కూడా వద్దు, లేచి కూర్చుంటే ప్రాణమే పోవచ్చు అన్నాడు డాక్టరు బాబు. మాట ముక్కులోంచి వచ్చేది, సగం అర్థమయ్యేది కాదు. ఇంటికి పంపాక నర్సమ్మ, నేను వంతులు వేసుకుని పక్కన కూర్చున్నాం. వంతు మారేటప్పుడు తప్ప ఆమె నాతో మాట్లాడేది కాదు. "పాలు తాగింది." "పక్కకి తిప్పు." అంతే. వరసలో ఎవరూ మా గుమ్మం తొక్కలేదు. సత్తెమ్మ మాత్రం రోజూ ఒక గిన్నెలో చారు గట్టు మీద పెట్టి, తలుపు తట్టి వెళ్ళిపోయేది.

షెడ్డులో ఉండగానే ఒక సాయంత్రం సుందరమ్మ టీచరు ముళ్ళకంచె అవతలకి వచ్చింది. ఆమె మీద చర్యకి కాగితం వచ్చిందని అప్పటికే విన్నాను. కాళ్ళ మీద పడదామనుకున్నాను. ఆమె అవకాశం ఇవ్వలేదు.

"కడుపు నొప్పన్నారు," అంది.

"ఔనమ్మా."

"నాతో నిజం చెప్పుంటే పేరు పిలిచి గుమ్మం బయటినుంచే హాజరు వేసేదాన్ని. అది తప్పే, అయినా వేసేదాన్ని. పిల్లని మాత్రం బల్ల మీద కూచోనిచ్చేదాన్ని కాదు. నా తరగతిలో ఇరవై ఏడుగురున్నారు. రోజూ పొద్దున్న ఇంటింటికీ వెళ్ళి అందరి గొంతులూ చూస్తున్నాను." ఆమె వెళ్ళడానికి వెనక్కి తిరిగింది. "నా ఉద్యోగం సంగతి మీరు అడగొద్దు."

నెలాఖరుకి ఆమెని తీసేశారు. నేను పెద్ద టీచరు దగ్గరికి వెళ్ళి తప్పు నాదని కాగితం మీద రాసి ఇచ్చాను. ఆమె చదివి బల్ల మీద పెట్టింది.

"ఆ మూడు హాజర్లూ కొట్టేయండమ్మా."

"ఎప్పుడో కొట్టేశాను." ఆమె కళ్ళజోడు తీసి నా వైపు చూసింది. "జబ్బు పడిన పిల్లకి హాజరు తగ్గితే పది రోజుల దాకా మినహాయించే అధికారం నాకుంది. అడిగితే రాసేదాన్ని."

"గోడ మీద అలాగ రాయలేదు కదమ్మా."

"నాకు రాసిన రూళ్ళు నా పుస్తకంలో ఉంటాయి. ఆ చెక్క మీద ఉన్నవి మీకోసం. మీరు ఇన్నేళ్ళుగా దాన్ని చదువుతూ నిలబడటం చూశాను. లోపలికి వచ్చి ఒక్కసారైనా ఏమీ అడగలేదు."

నిజమే. రాసి ఉన్న అంకెని నమ్మడం ఒక్కటే నాకు తెలుసు. దాని వెనక ఒక మనిషి కూర్చుని ఉంటుందని తోచలేదు. ఇది చదివే తండ్రుల్లో నాలాంటివాళ్ళుంటే, గోడ చదివి తిరిగి వెళ్ళిపోకండి. తలుపు తట్టండి.

మార్చిలో పరీక్ష జరిగింది. బంగారి రాసింది. ఏప్రిల్‌లో ఆరు వారాలూ నిండాయి. బడి మూసేలోగా పేరు మళ్ళీ రాయించుకోవాలంటే చీటీ కావాలి. కనకని చేతుల మీద ఎత్తుకుని డాక్టరు బాబు గదికి తీసుకువెళ్ళాను. పన్నెండు మెట్లు. మెడ సన్నబడింది, కళ్ళు పెద్దవయ్యాయి.

గొంతు చూశాడు. బాగుందన్నాడు. గుండెకి గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. చీటీ కాగితం ముందుకి లాక్కుని, కలం సిరాలో ముంచి, మామూలుగా అడిగాడు. "నడిస్తే ఆయాసం వస్తోందా, అమ్మా?"

కనక ఆయన వైపు చూడలేదు. నా మొహంలోకి చూసింది. నా మొహంలో ఏ జవాబు ఉందో వెతుకుతోంది.

నేను కుర్చీ లోంచి లేచాను. తలుపు తీసుకుని వరండాలోకి వెళ్ళి, గోడ వైపు తిరిగి నిలబడ్డాను.

డాక్టరు బాబు మళ్ళీ అడగలేదు. తరవాత ముక్కులోంచి, ముక్కలు ముక్కలుగా, కనక గొంతు వినిపించింది.

"వస్తాది. మంచం దిగి తలుపు దాకా ఎల్తే వస్తాది. అమ్మకి సెప్పలేదు."

చీటీ ఆ రోజు రాలేదు. ఇంకో నెల పడుకోవాలన్నాడు, ఆ పైన మళ్ళీ చూస్తానన్నాడు. అంటే బడి తెరిచాక కూడా కొన్నాళ్ళు పోతాయి. నేను లోపలికి వెళ్ళి కనకని ఎత్తుకున్నాను. మెట్లు దిగుతుంటే నా భుజం మీద గడ్డం ఆనించి, "ఇంటికెల్లి అమ్మకేటి సెప్తావు నానా?" అంది.

"నువ్వు సెప్పినదే," అన్నాను.